పికప్ సంగతి దసరా వెళ్లాక



నీ ఉత్తరం అందింది, పద్మిని కారు ఫోటోలు చూశాను. 1984 మోడల్‌కి డోర్ల అంచులు అంత శుభ్రంగా ఉండటం అరుదు, మంచి బండే దొరికింది. పికప్ కోసం రెండు కార్బురేటర్లు ఎక్కించాలనీ, వెడల్పు టైర్లు వెయ్యాలనీ, అన్నీ ఈ వేసవిలోనే అయిపోవాలనీ రాశావు. అమ్మడూ, ఆ వరసకి మాత్రం నేను ఒప్పుకోను. మన దగ్గర బండి పనులకి ముహూర్తం పెట్టేది ఎండలూ వానలే. ఇంజను ట్యూనింగ్ అన్నిటికన్నా చివర, అందులోనూ కార్బురేటర్ ఆఖరున.

శివరాత్రి వెళ్లిపోయింది, ఎండలు ముదిరేలోపు రేడియేటర్ పని ముగించు. దింపించి, లోపల పేరుకున్న పొరంతా కడిగించు. హోస్ పైపులు చేత్తో నొక్కి చూసి, మెత్తబడినవి మార్చెయ్. థర్మోస్టాట్ ఉందో లేదో తప్పకుండా చూడు. మన ఎండలకి అక్కర్లేదని చాలామంది మెకానిక్కులు పీకి పారేస్తారు. అది లేకపోతే ఇంజను వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, చల్లటి ఇంజను పెట్రోలు ఎక్కువ తాగుతుంది, బోరు అరుగుతుంది. కొత్తది కొన్నాక గిన్నెలో నీళ్లు కాచి అందులో వేసి చూడు. నీళ్లు మరిగేలోపే అది తెరుచుకోవాలి.

దాంతోపాటే బ్రేకులు. నీ బండికి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. డ్రమ్ము విప్పించి, వీల్ సిలిండర్ రబ్బరు అంచు ఎత్తి చూడు. తడి కనిపిస్తే కిట్లు మార్పించు, బ్రేక్ ఆయిల్ మొత్తం కొత్తది పోయించు. ఈ పని అయ్యేదాకా ఇంజను మీద ఒక్క రూపాయి పెట్టకు.

జూన్‌లో తొలకరి పడేలోపు కార్పెట్లు ఎత్తి, ఫ్లోరు మీద స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. తుప్పు ఉంటే అక్కడే తేలిపోతుంది. డోర్ల అడుగున నీళ్లు పోయే కన్నాలు తీగతో తెరిపించు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, ప్లగ్గు వైర్లు మార్చు. వానాకాలం పొద్దున్నే బండి మిస్సింగ్ కొడితే ముందు అనుమానించాల్సింది వాటినే. నీళ్లలోంచి బయటపడ్డాక కాసేపు బ్రేకు మీద కాలు ఆనించి నడుపు, డ్రమ్ములు ఆరతాయి.

ట్యూనింగ్ దసరా వెళ్లాక. మొదట కంప్రెషన్. ఇంజను వేడి చేసి, ప్లగ్గులు నాలుగూ తీసి, గేజి పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టించు. ఒక సిలిండర్‌లో తక్కువ వస్తే అందులో చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ చూడు. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం.

తర్వాత ట్యాపెట్లు. ఇక్కడ కాస్త నిదానించు. నీ ఇంజను సీసం కలిపిన పెట్రోలు రోజుల్లో తయారైంది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. ఆ సీసమే వాల్వు సీట్లకి రక్షణగా ఉండేది. ఎగ్జాస్ట్ వాల్వుల దగ్గర ఫీలర్ గేజి పెట్టి సందు ఎంతుందో పుస్తకంలో రాసుకో, కొన్ని నెలలకి మళ్లీ కొలువు. పెట్టిన సందు ప్రతిసారీ తగ్గిపోతుంటే వాల్వు సీటులోకి దిగిపోతోందన్నమాట. అలాంటప్పుడు హెడ్ విప్పి గట్టి సీట్లు వేయించాల్సిందే. ఏ కార్బురేటరూ ఆ లోటు తీర్చదు.

ట్యాపెట్ల తర్వాత పాయింట్లు, ఆ తర్వాత టైమింగ్. పాయింట్ల సందు మారితే టైమింగూ మారుతుంది కాబట్టి ఈ వరస తప్పకూడదు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేసుకుంటానంటే కాదనను. కానీ పాత పాయింట్లు, కండెన్సర్ డిక్కీలో ఉంచు.

అప్పుడు కార్బురేటర్. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాలే. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్టుతో మిశ్రమం పలచబడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి గుంజుతుంది, ప్లగ్గు మొన తెల్లగా కనిపిస్తుంది. మెయిన్ జెట్టు ఒక్క సైజు పెంచి, కొంతదూరం నడిపి, మళ్లీ ప్లగ్గు తీసి చూడు. లేత గోధుమరంగు వస్తే అక్కడ ఆగు. పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రమ్ ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించు, పాత రబ్బరు దాంట్లో నాని పగులుతుంది. ట్యాంకులో ఏళ్లుగా పట్టిన మడ్డి కూడా ఊడి వచ్చి ఫిల్టరుకి అడ్డుపడుతుంది, రెండు ఫిల్టర్లు దగ్గర ఉంచుకో.

ఒక్క కార్బురేటర్‌తోనే నీ బండి చక్కగా నడుస్తుంది. రెండోది వేస్తే రెంటినీ సమానంగా సెట్ చేయగల చెయ్యి కావాలి, అలాంటి చేతులు ఇప్పుడు తక్కువ. వెడల్పు టైర్లు వద్దే వద్దు. పవర్ లేని ఆ స్టీరింగ్ తిప్పేటప్పుడు నీ భుజాలకే తెలుస్తుంది.

అన్నట్టు, డబ్బు పెట్టేముందు ఆర్సీ గడువు చూసుకో. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రెన్యూ చేయించాలి, ఆర్టీవో ఆఫీసులో బండి చూపించాల్సి ఉంటుంది.

ప్రస్తుతానికి రేడియేటర్ దింపించు. మెకానిక్ పని చేసేటప్పుడు పక్కనే నిలబడు, విప్పిన ప్రతిదీ చేతిలోకి తీసుకుని చూడు. దసరా వెళ్లాక కంప్రెషన్ అంకెలు నాలుగూ రాసి పంపితే, హెడ్ విప్పాలో వద్దో చెబుతాను.

మావయ్య
విజయవాడ