శాస్త్రపదాలలో పాలు

అర్థం తెలియక పేరును వల్లె వేసిన విద్యార్థి పరీక్షలో ఒక్క అక్షరం దగ్గర తడబడతాడు. లాక్టోజ్, లాక్టేజ్ అనే జంటపదాలే ఇందుకు నిదర్శనం. మొదటిది పాలలోని చక్కెర. రెండవది ఆ చక్కెరను పేగులలో విడగొట్టే ఎంజైము. లాటిన్‌లో 'లాక్' అంటే పాలు. చివరి 'ఓజ్' చక్కెరకు, 'ఏజ్' ఎంజైముకు గుర్తు. ఈ మాత్రం తెలిస్తే బోధన్ చెరకులోని సుక్రోజ్ ఏ కోవకు చెందినదో వేరుగా చెప్పనక్కరలేదు. పెద్దవయసున లాక్టేజ్ తగ్గినవారికి పాలు పడవు. పెరుగు అంతగా బాధించదు. తోడు వేసినప్పుడు సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంత భాగాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చివేయడమే కారణం. ఈ ఆమ్లాన్ని 1780లో పులిసిన పాల నుండి వేరుచేసినవాడు స్వీడన్ రసాయనవేత్త షీలే.

లాక్టోజ్ విడిపోగా వచ్చేవి గ్లూకోజ్, గెలాక్టోజ్. గ్రీకులో పాలను 'గాల' అంటారు. గెలాక్సీ అన్న పేరూ దీని నుండే పుట్టింది. రాత్రి ఆకాశంలోని తెల్లని చార వారికి పాలు ఒలికినట్లు కనిపించింది. మన పాలపుంతలోనూ అదే భావం. పుంత అంటే బండ్లబాట. ఉర్దూలో మాత్రం అది కహకషాన్. ఫారసీలో 'కాహ్' అంటే ఎండుగడ్డి, 'కషాన్' అంటే ఈడ్చుకొనిపోవడం. గడ్డి తరలిస్తుండగా దారి పొడవునా రాలిన పరకలన్నమాట! వరికోతల నాడు భీమ్‌గల్ బాటలను చూసిన నాకు పాలకన్న ఈ పోలికే సహజమనిపిస్తుంది.

లిన్నేయస్ 1758లో వాడిన 'మమేలియా' అన్న పేరుకు మూలం స్తనం. మన 'క్షీరదం' పాలిచ్చే గుణాన్ని చెబుతుంది. సంస్కృత క్షీరం, ఫారసీ షీర్ తోబుట్టువులు. రంజాన్ నాటి షీర్ ఖుర్మాలో ఉన్నది ఆ షీరే. ఖుర్మా అంటే ఖర్జూరం. ఉర్దూ 'దూధ్' సంస్కృత దుగ్ధం నుండి వచ్చింది, పిదికినది అని అర్థం. 'పాలు' మాత్రం ద్రావిడ పదం; కన్నడంలో హాలు, తమిళంలో పాల్.

పాలలోని ముఖ్యమైన ప్రోటీను కేసీన్. లాటిన్‌లో 'కాసియస్' అంటే చీజ్. ఆంగ్లంలోని ఆ మాటకూ అదే మూలం. నిఘంటువులు చీజ్‌కు జున్ను అని అర్థం చెప్పడం నాకు సమ్మతం కాదు. ఈనిన పశువు తొలిపాలలో వేడికి గడ్డకట్టే వేరే ప్రోటీనులు అధికం; జున్ను వాటి వల్ల ఏర్పడుతుంది. కేసీనును విరిచి చేసే పనీర్ చీజ్‌కు దగ్గర. అయితే ఆ ఫారసీ మాటను 'పన్నీరు' అని వ్రాయరాదు, గులాబీనీరు అయిపోతుంది.