హృదయమునకు కావలి

సామెతల గ్రంథము 4వ అధ్యాయము 23వ వచనమును తరగతిలో చెప్పునపుడెల్ల మేము క్లౌదొరగారిని తలంచుకొందుము. 1865లో నెల్లూరు చేరి, మరుసటియేట ఒంగోలునకు వెళ్లిన ఆయన, 1876–78 కరవులో బకింగ్‌హాము కాలువ త్రవ్వకమును మూడున్నర మైళ్లమేర గుత్తకు తీసికొని వేలమందికి కూలి యిప్పించిరి. వారిలో అనేకులు బాప్తిస్మమడిగిరి. పదునైదు నెలలు ఆయన యొక్కరికిని ఈయలేదు. అన్నమునకై వచ్చిరో, ప్రభువునకై వచ్చిరో తెలియవలెను గదా! ఆ కావలి వారి హృదయములకే కాదు, తన హృదయమునకును. లెక్క పెరుగవలెనను ఆశ బోధకునికిని కలుగును. పరీక్షాఫలములు వచ్చు దినమున ఉపాధ్యాయులమైన మేమును దాని నెరుగుదుము. పిలుచువాడు దేవుడైనచో మనకు తొందర యేల? ఇక కూలి లేదని చెప్పినను జనులు మరలిపోలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. తెలుగు బోధకులారుగురు ఇద్దరేసిచొప్పున నీటిలో దిగి ఆ పని జరిపిరి. క్లౌదొరగారు ఆ దినమున ఒక్కరికిని బాప్తిస్మమియ్యలేదు.