కీళ్ళనొప్పికి తైలమా? ముందు నీటి పరీక్షా?

నడుము పట్టినను, మోకాళ్ళు బిగిసినను మన ఇండ్లలో మొదట వెలికి వచ్చునది తైలపు సీసా. వావిలాకు కాపడము, నువ్వులనూనె మర్దన, ఆముదము మొదలగునవి ఉపశమనము నిచ్చును. వాటిని నేను కాదనను. ఐతే ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల నుండి వచ్చిన రోగిని చూచునపుడు తైలము పేరు చెప్పుటకు ముందు నేనడుగు ప్రశ్న ఒకటి కలదు. "మీరు త్రాగు నీరు ఏ బోరుది? దానిని ఎన్నడైన పరీక్ష చేయించినారా?"

ఆయుర్వేదమున చికిత్సకు మొదటి మెట్టు నిదాన పరివర్జనము, అనగా వ్యాధికారణమును విడుచుట. కారణము ప్రతిదినము బిందెలో ఇంటికి వచ్చుచుండగా పైపూతలతో వ్యాధి తగ్గదు. అట్టి కారణములలో ఈ ప్రాంతమునకు ముఖ్యమైనది ఫ్లోరైడు. దానిని కంటితో చూడలేము, నాలుకతో గుర్తింపలేము. ప్రయోగశాల పరీక్ష ఒక్కటే శరణ్యము.

నెల్లూరు జిల్లాలో తొలి గుర్తింపు

భారతదేశమున ఫ్లోరోసిస్ వ్యాధిని మానవులలో గుర్తించి వైద్య పత్రికలలో వివరించినది 1937లో, అదియు మన నెల్లూరు జిల్లాలోనే. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి గారలు ఈ పరిశోధన చేసిరి. వంగిన వెన్ను, బిగిసిన కీళ్ళు గల రోగులను చూచుటతో వారు ఆగలేదు. త్రాగునీటిని విశ్లేషించి రోగమునకును నీటికిని గల సంబంధమును చూపిరి. ఆనాటి నెల్లూరు జిల్లాలోని కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములు 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలో చేరినవి. 2008-09లో కేంద్ర ప్రభుత్వము ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమము ఆరంభించినపుడు, మొదట ఎన్నుకొన్న కొద్ది జిల్లాలలో నెల్లూరు ఒకటి.

నీటిలోనికి ఎట్లు చేరును?

ఈ నేలలోని రాళ్ళలో, ముఖ్యముగా నల్ల అభ్రకము, అపటైటు వంటి ఖనిజములలో ఫ్లోరైడు ఉండును. భూగర్భ జలము వీటి పగుళ్ళలో దీర్ఘకాలము నిలిచినపుడు అది నీటిలో కరుగును. సోమశిల వద్ద పెన్నానదిపై కట్టిన జలాశయపు నీరు వంటి ఉపరితల జలములో సాధారణముగా ఫ్లోరైడు తక్కువ. కాని జలాశయము దగ్గరగా ఉన్నంత మాత్రమున చాలదు. ఇంటిలో త్రాగునది బోరు నీరే ఐతే లెక్కకు వచ్చునది ఆ బోరే. ఒకే ఊరిలో రెండు బోర్ల నీటికి ఎంతో తేడా ఉండవచ్చును. కావున పొరుగింటి ఫలితమును మన ఇంటికి అన్వయించుకొనరాదు.

నీటి పరీక్ష జరుగు విధము

నీటిని శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టవలెను. బోరును కొంతసేపు నడిపిన తరువాత పట్టి, తేదీ, బోరు గుర్తు వ్రాసి అంటింపవలెను.

పరీక్షలో ముఖ్యముగా రెండు పద్ధతులు కలవు. మొదటిది రంగు పద్ధతి. జిర్కోనియము ఒక రంగు పదార్థముతో కలిసి ఎర్రగా నుండును. ఫ్లోరైడు ఆ జిర్కోనియమును తనవైపు లాగుకొనును. అందుచే ఫ్లోరైడు ఎక్కువైన కొలది ఎరుపు తగ్గును. రెండవది ఎలక్ట్రోడు పద్ధతి. లాంథనం ఫ్లోరైడు స్ఫటికము అమర్చిన కడ్డీని నీటిలో ముంచగా పుట్టు విద్యుత్ పీడనమును బట్టి ఫ్లోరైడును లెక్కింతురు. ఇది మరింత నమ్మకమైనది.

భారతీయ ప్రమాణముల ప్రకారము లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతింతురు.

రోగి దేహమున చేయు పరీక్షలు

దంతములు: పిల్లల పండ్లపై సుద్దవంటి తెలుపు, పసుపు లేక గోధుమరంగు అడ్డచారలు మొదటి సాక్ష్యము. శాశ్వత దంతములు చిగురు లోపల తయారగు కాలములో, అనగా సుమారు ఎనిమిదేండ్లలోపు, ఫ్లోరైడు చేరిననే ఈ మచ్చలు వచ్చును. కావున పెండ్లియై ఈ ప్రాంతమునకు వచ్చిన స్త్రీ పండ్లు తెల్లగానున్నను ఆమె ఎముకలు సురక్షితమని చెప్పలేము.

మూత్రము: దేహములో చేరిన ఫ్లోరైడులో కొంత మూత్రపిండముల ద్వారా వెలువడును. ఈ పరీక్ష ఇటీవల ఎంత చేరుచున్నదో తెలుపును. నీరు మార్చిన తరువాత మరల చేసినచో ఫలితము తగ్గుట కనబడును.

ఎక్స్‌రే: ముంజేతి రెండు ఎముకల నడుమ నున్న పొరలో సున్నము పేరుకొనుట ముఖ్య చిహ్నము. వెన్నెముక సాంద్రత పెరుగుట, స్నాయువులు గట్టిపడుట కూడ కనబడవచ్చును.

రక్తము: ఆమవాతము, విటమిన్ డి లోపము వంటివి ఇదే రూపములో వచ్చును గనుక వాటిని వేరుచేయుటకు రక్తపరీక్షలు అవసరము.

ఇంటిలోనే మూడు కదలికలు చూడవచ్చును: మోకాళ్ళు వంచక కాలివ్రేళ్ళను తాకుట, గడ్డమును రొమ్ముకు ఆనించుట, చేతులను తల వెనుకకు చేర్చుట. ఇవి కష్టమైనచో వైద్యుని చూడవలెను. ఇది అనుమానమునకు మాత్రమే, నిర్ధారణకు కాదు.

ఫలితము వచ్చిన పిదప

నీరు కాచినచో ఫ్లోరైడు పోదు. నీరావిరియై మిగిలినదానిలో మరింత చిక్కబడును. బిందెలో పటిక త్రిప్పినచో బురద దిగును గాని ఫ్లోరైడు సమస్య తీరదు. నాగపూరులోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటికను, సున్నమును నీటి గుణమును బట్టి కొలిచి వేయుదురు. కొలత లేనిదే ఆ పద్ధతి లేదు. ఉపరితల జలము, వాననీరు, ఆర్.ఓ. నీరు ఇంటికి తగిన మార్గములు.

ఆహారమున పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, మునగాకు, ఉసిరిక చేర్చవలెను. నల్ల ఉప్పు కలిసిన చూర్ణములు, పాలులేని టీ తగ్గింపవలెను. చింతపండు విషయమై హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు పాఠశాల బాలురకు దినమునకు 10 గ్రాములు ఇచ్చి చూడగా మూత్రము ద్వారా ఫ్లోరైడు విసర్జన పెరిగినదని 2002లో ప్రకటించిరి. మన చారుకు ఇది మంచి మాటయే. ఐనను చారు త్రాగుచు అదే బోరునీరు త్రాగుట వైద్యము కాదు.

బిగిసిన వెన్నును పూర్వస్థితికి తెచ్చు ఔషధము అల్లోపతిలో గాని ఆయుర్వేదములో గాని లేదు. తైలము పెద్దవారి నొప్పికి ఊరట. అదే బిందెలోని నీరు త్రాగుచున్న పసిపిల్లల ఎముకలను మాత్రము ఇప్పటికిని కాపాడవచ్చును. కావున ఇంటిలో ఒక్కరికి కీళ్ళు పట్టినను నీటిని పరీక్షింపజేయుడు. జిల్లాలోని గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో ఈ పరీక్ష జరుగును. ఫలితము వ్రాసిన కాగితమును రోగితోపాటు వైద్యునికి చూపుడు.