పరిశోధన జర్నళ్లు తెర మీదికి వచ్చాయి – మన పిల్లలు ఎలా వాడుకోవాలి?



మన ట్రస్టు స్కాలర్‌షిప్ దరఖాస్తులు పరిశీలించేవారిలో నేనొకణ్ణి. స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి కనుక పిల్లలు సందేహాలతో మైలాపూరులోని మా ఇంటికి వస్తూ ఉంటారు. అలా ఒక ఎం.ఎస్సీ. విద్యార్థి తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"మాస్టారూ, మావాడి ప్రాజెక్టును ఒక ఇంటర్నెట్ జర్నల్ వాళ్లు తీసుకున్నారు. 6,000 రూపాయలు కట్టమన్నారు. 3,000 కట్టేశాం. మిగతాది కూడా కట్టమంటారా?" అని తండ్రి అడిగారు.

పంపిన మూడో రోజుకే అంగీకార పత్రం వచ్చిందట. నేను ప్రాజెక్టు చదివాను. కుర్రవాడు కష్టపడ్డాడు కాని మూలంలోనే ఒక పొరపాటు ఉంది.

పొరపాటు ఎక్కడ?

కుటుంబానికి సగటున ఎంతమంది పిల్లలో తెలుసుకోవడానికి అతను బడికి వెళ్లి, "మీ ఇంట్లో మీరు ఎంతమంది?" అని పిల్లలను అడిగాడు. మూడు ఇళ్లు ఉన్నాయనుకోండి. ఒక ఇంట్లో ఒకరు, రెండో ఇంట్లో ఇద్దరు, మూడో ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఇంటికి సగటు 2. ఆ ఆరుగురు పిల్లలనూ అడిగితే వచ్చే జవాబులు 1, 2, 2, 3, 3, 3. మొత్తం 14, సగటు 2.33. పెద్ద కుటుంబం మూడుసార్లు లెక్కకు వచ్చింది. పిల్లలు లేని ఇల్లు అసలు లెక్కకే రాలేదు.

దీనికి మందు ఉంది. ప్రతి జవాబునూ తలకిందులు చేసి కూడండి: 1, అర, అర, మూడు మూడోవంతులు. మొత్తం 3. ఆరుగురిని 3తో భాగిస్తే 2 వస్తుంది. పిల్లలున్న ఇళ్ల వరకు ఇదే సరైన సగటు.

లెక్కలోకి వచ్చే అవకాశం అందరికీ సమానంగా లేనప్పుడు ఏం చేయాలనే విషయం మీద మన సి.ఆర్. రావు గారు 1965లోనే 'సాంఖ్య' జర్నల్లో వ్యాసం రాశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్లిన ఆయనకు 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. నిజమైన జర్నల్లో ఆ రంగం తెలిసిన సమీక్షకులు వ్యాసం చదువుతారు, ప్రశ్నలు వేస్తారు, దిద్దమంటారు. దానికి సాధారణంగా నెలలు పడుతుంది. మూడు రోజుల్లో అంగీకరించినవారు ఆ ప్రాజెక్టును చదివినట్టు నాకు తోచలేదు.

అచ్చు నుంచి తెర మీదికి

ఒకప్పుడు కొత్త పరిశోధన మనదాకా రావడమే కష్టం. లజ్ చర్చి రోడ్డులోని ఏకామ్ర నివాసం అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారి ఇల్లు. వారి కుమారుడు రామకృష్ణన్ గారు ప్రిన్స్‌టన్ నుంచి తిరిగి వచ్చాక, 1950ల చివర, ఆ ఇంట్లోనే విద్యార్థులకు సెమినార్లు నడిపారు. 1960లో నీల్స్ బోర్ ఆ ఇంటికి వచ్చారు. ఆ కృషి ఫలితంగానే 1962లో మద్రాసులో మ్యాట్‌సైన్స్ సంస్థ ఏర్పడింది.

ఇప్పుడు ఆ పరిశోధన మన ఇంటికే వస్తోంది. 1933లో మహలనోబిస్ గారు ప్రారంభించిన 'సాంఖ్య' పాత సంచికలు జెస్టోర్‌లో ఉన్నాయి. 1991లో మొదలైన ఆర్‌కైవ్‌లో వ్యాసాలు ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. అయితే అక్కడ ఉన్నవన్నీ సమీక్ష పూర్తయినవి కావు. 1996 నుంచి వస్తున్న 'జర్నల్ ఆఫ్ స్టాటిస్టికల్ సాఫ్ట్‌వేర్' వ్యాసంతో పాటు ప్రోగ్రామునూ ఉచితంగా ఇస్తుంది. 2007లో మొదలైన 'ఎలక్ట్రానిక్ జర్నల్ ఆఫ్ స్టాటిస్టిక్స్' అంతా తెర మీదే. సంచిక నిండేదాకా ఆగకుండా, అంగీకరించిన వ్యాసాన్ని ప్రచురిస్తారు.

చందా కట్టవలసిన జర్నళ్లకూ దారి ఉంది. కేంద్ర ప్రభుత్వ 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం 2025 జనవరిలో మొదలైంది. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల విద్యార్థులకు దాదాపు 13,000 జర్నళ్లు చదివే వీలు కలిగింది. మీ కాలేజీ లైబ్రేరియన్‌ను అడగండి. ప్రైవేటు కాలేజీవారు జెస్టోర్‌లో సొంత పేరుతో ఉచితంగా నమోదు చేసుకుంటే కొన్ని వ్యాసాలు చదువుకోవచ్చు.

డబ్బు కట్టేముందు

1. అందులో వచ్చిన రెండు మూడు వ్యాసాలు చదవండి. మీ అధ్యాపకులకు ఆ జర్నల్ తెలుసా అని అడగండి.

2. సంపాదకుల పేర్లు వారి విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లలో కనిపిస్తున్నాయో లేదో చూడండి.

3. మంచి జర్నళ్లలో కొన్ని కూడా రచయితల దగ్గర రుసుము తీసుకుంటాయి. అయితే ఆ సంగతి ముందే చెబుతాయి, సమీక్ష తర్వాతే తీసుకుంటాయి. "కడితే రెండు రోజుల్లో వేస్తాం" అంటే దూరంగా ఉండండి.

4. "యు.జి.సి. జాబితాలో ఉంది" అన్న మాట ఒక్కటే చూసి నమ్మవద్దు. యు.జి.సి. తన కేర్ జాబితాను 2025లో నిలిపివేసింది.

ఆ తండ్రి కట్టిన 3,000 తిరిగి రాలేదు. అది ఒక నెల స్కాలర్‌షిప్ సొమ్ము. మిగతాది కట్టవద్దన్నాను. కుర్రవాడు రావు గారి వ్యాసం చదివి లెక్క మళ్లీ వేసుకున్నాడు. కొత్త ప్రాజెక్టులో తన పొరపాటు గురించి ఒక పేజీ రాసి నాకు చూపించాడు. సర్టిఫికెట్ కన్నా ఆ పేజీయే నాకు నచ్చింది.

తల్లిదండ్రులారా, "పేపరు వేశావా?" అని అడిగే ముందు "ఈ నెల ఏ పేపరు చదివావు?" అని అడగండి. చదవడానికి ఇప్పుడు ఖర్చు తక్కువ. ఆ అవకాశాన్ని మన పిల్లలు వదులుకోకూడదు.