మీ బాడీ క్లాక్‌కి తగ్గట్టు ఫోన్‌లో వర్క్ టైమ్‌టేబుల్ సెట్ చేసుకోండిలా

మాది బూర్గంపాడు. ఫోన్ రివ్యూలతో పాటు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. పోయిన మే నెలలో మధ్యాహ్నం మూడింటికి కళ్లు మూతలు పడుతుంటే, కాపీ చేయని మెమరీ కార్డును ఫార్మాట్ కొట్టేశాను. రికవరీ యాప్‌తో సగం క్లిప్‌లే తిరిగొచ్చాయి. తాళి కట్టే సీన్ రాలేదు. డబ్బులు వెనక్కిచ్చేశాను కానీ, ఆ సీన్ ఇవ్వలేకపోయాను.

తప్పంతా ఎండదే అనుకున్నా. కానీ మన ఒంట్లో కూడా సుమారు 24 గంటల గడియారం ఉంటుంది. అది ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది. మధ్యాహ్నం చురుకుదనం తగ్గడం చాలామందిలో మామూలే.

ఇలా చేయండి:

1. వారం పాటు మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి అలారం పెట్టుకుని, మీ చురుకుదనానికి నోట్స్ యాప్‌లో 5కి మార్కులు వేయండి.

2. ఎక్కువ మార్కులు వచ్చిన గంటల్ని క్యాలెండర్‌లో రోజూ రిపీట్ అయ్యేలా పెట్టండి. నాకు ఉదయం 6 నుంచి 9. బ్యాకప్, ఫార్మాట్ అన్నీ అప్పుడే. డు నాట్ డిస్టర్బ్ కూడా ఆన్.

3. తక్కువ మార్కుల టైమ్‌లో రెండరింగ్, యాప్ అప్‌డేట్లు పెట్టండి. ఏదీ డిలీట్ చేయకండి.

4. రాత్రి బెడ్‌టైమ్ మోడ్ ఆన్ చేయండి. పొద్దున్నే కాసేపు బయట వెలుగులో ఉండండి, గడియారాన్ని సరిచేసేది ఆ వెలుగే.

పక్కనే సారపాక పేపర్ మిల్లులో షిఫ్టులు చేసే ఫ్రెండ్స్, మీకు ఒకే చార్టు సరిపోదు. షిఫ్టు మారినప్పుడల్లా కొత్తది రాసుకోండి. నైట్ దిగాక మత్తుగా ఉంటే, బండి తీసేముందు ఓ కునుకు తీయండి. పోయిన వీడియోలో సగమైనా రికవర్ అవుతుంది, ప్రాణం అవ్వదు.