జీవామృతం ట్రాలీలో లీకేజీ: చుక్క పడని చోట 40 లీటర్లు ఎట్లా పోయినాయి?

పోయిన వీడియోలో మా జీవామృతం ట్రాలీ చూసి చాలామంది అట్లాంటిదే చేసుకున్నామని ఫోన్ చేశారు. సంతోషం. కానీ చేసుకున్న వాళ్లలో సగం మంది అడిగింది ఒకటే, "లీకేజీ ఆగట్లేదన్నా, ఏం చేయాల?" ఈ విషయంలో నాకు తగిలిన దెబ్బ చెప్తాను. వీడియో చూస్తూ చదివితే పైపులు ఎక్కడెక్కడ ఉన్నాయో తేలిగ్గా అర్థమవుతుంది.

మా ట్రాలీ గురించి తెలియని వాళ్లకు: ట్రాక్టరు ట్రాలీ మీద 1000 లీటర్ల నల్ల ట్యాంకు, దాని అడుగున ట్యాంక్ నిపుల్, అక్కడి నుంచి ఒక ఎల్బో, పీవీసీ పైపు, ఫిల్టరు, 12 వోల్టుల బ్యాటరీ మోటారు, ఆ తర్వాత హోసు పైపు, గన్ను. అంతే. డ్రమ్ముకు 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల నాటు ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మన్ను. 48 గంటలు నీడలో ఉంచి, గుడ్డతో వడగట్టి, కొలిచి ట్యాంకులో పోస్తాం. ఆవులు లేని రైతులకు అమ్ముతాం కూడా.

ఒక రైతు చేను చెయ్యేటి ఒడ్డున ఉంది. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఆయన నేల మీద ఇసుక మేట వేసింది. ఇసుక తోలించినాడు, పచ్చిరొట్ట వేసినాడు, ఇప్పుడు ఎకరాకు 200 లీటర్ల లెక్కన ఐదెకరాలకు జీవామృతం పారిస్తున్నాడు. ఖర్చు చేసి చేసి అలిసిపోయిన మనిషి. ఒకరోజు ఫోన్ చేసి, "ఐదు డ్రమ్ముల దుడ్డు తీసుకుంటివి, ఐదో డ్రమ్ము జానెడు వెలితి పోస్తివి" అన్నాడు. డ్రమ్ము ఎత్తు సుమారు 88 సెంటీమీటర్లు. జానెడంటే 40 లీటర్లు దాటుతుంది. తక్కువేం కాదు.

నేను చేసిన మొదటి తప్పు ట్రాక్టరు నడిపే అన్నను అనుమానించడం. దారిలో ఎవరికన్నా పోసినావా అని అడిగేసినాను. ఆయన "నేనేమన్నా తాగినానా అబ్బీ దాన్ని?" అని తాళం చెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయినాడు. రెండు రోజులు పనికి రాలేదు.

సరే, వెతకడం మొదలుపెట్టినా. ఇక్కడ ఒక పద్ధతి గుర్తు పెట్టుకోండి. లీకేజీ రెండు రకాలు. ట్యాంకు నుంచి మోటారు దాకా ఒకటి, మోటారు తర్వాత రెండోది. మొదటి భాగంలో నీళ్లు వాటి బరువుతోనే దిగుతాయి, మీటరు ఎత్తు ట్యాంకు ఇచ్చే ప్రెషర్ 0.1 కేజీ మాత్రమే. మోటారు తర్వాత నాలుగు కేజీల దాకా ఉంటుంది. అందుకని రెండింటినీ ఒకే రకంగా వెతికితే దొరకవు.

పరీక్ష మంచి నీళ్లతోనే చేయండి, జీవామృతం వృథా చేయొద్దు. అన్ని వాల్వులూ కట్టేసి మోటారు స్విచ్ వేస్తే, పైపులో ప్రెషర్ నిండగానే అది దానంతటదే ఆగాలి. ఆగి, ఎవరూ గన్ను నొక్కకుండానే కాసేపటికి మళ్లీ టర్రుమంటే ప్రెషర్ ఎక్కడో దిగిపోతున్నట్టే. అప్పుడు మోటారు పక్కనే ఉన్న వాల్వు కట్టేయండి. అప్పటికీ టర్రుమంటుంటే మోటారు లోపలి వాల్వులో పిప్పి ఇరుక్కుని నీళ్లు వెనక్కి జారుతున్నాయి, విప్పి కడగాలి. ఆగిపోతే హోసు వైపు లీకు. నాది అట్లానే దొరికింది. గన్ను దగ్గర రబ్బరు రింగు అరిగి, సెకనుకో చుక్క పడుతోంది. రింగు మార్చినా. గెలిచినా అనుకున్నా.

కానీ లెక్క కలవలేదు. సుమారు 20 చుక్కలైతే ఒక మిల్లీలీటరు. సెకనుకో చుక్క చొప్పున రోజంతా పడినా నాలుగు లీటర్ల పైచిలుకే. పైగా దారిలో మోటారు ఆపే ఉంటుంది. గంట ప్రయాణంలో 40 లీటర్లు ఆ రింగు నుంచి పోయే దారే లేదు. చిన్న లీకు దొరికిందని సంబరపడి వెతకడం ఆపేయకండి, పోయినన్ని నీళ్లకు అది సరిపోతుందా అని లెక్క వేయండి.

ఇక ట్యాంకు వైపు. చదునైన నేల మీద ట్రాలీ నిలిపి, ట్యాంకు నింపి, మట్టానికి చాక్‌పీసుతో గీత పెట్టి రాత్రంతా వదిలేసినాం. మీటరు వెడల్పున్న గుండ్రటి ట్యాంకులో సెంటీమీటరు దిగితే దాదాపు 8 లీటర్లు పోయినట్టు. వాలు నేల మీద ఈ గీత అబద్ధం చెప్తుంది, జాగ్రత్త. తెల్లారి చూస్తే గీత కదల్లేదు. జాయింట్ల కింద పరిచిన పాత పేపర్లు పొడిగా ఉన్నాయి. మూత దగ్గర ఒలుకుతోందేమో అని గోనెపట్టా కట్టి ఒక ట్రిప్పు పంపినాం. పట్టా పొడిగానే వచ్చింది, డ్రమ్ము మాత్రం మళ్లీ వెలితి. (మూత పూర్తిగా బిగించొద్దు, పులిసినప్పుడు గ్యాసు వస్తుంది, గాలి ఆడాలి.)

దారి చూపింది చీమలు. మరుసటి రోజు పొద్దున చక్రం మీదుగా ట్రాలీ అడుగు చెక్క వెనక్కి నల్ల చీమల బారు. నీళ్లయితే ఎండకు ఆరిపోయి గుర్తు మిగలదు. జీవామృతంలో బెల్లం ఉంది కదా! చీమలు పోయిన చోట టార్చి వేసి చూస్తే ట్యాంకు కింద ఎల్బో, దాని మీద గోధుమ రంగు చార. చేత్తో తడిమితే పొడి. పగులు ఉంది, కానీ మూసుకుని ఉంది.

అప్పటికి ట్రాక్టరు అన్న తిరిగి వచ్చినాడు. ఆయనే, "నిలబెట్టి చూస్తే ఏం తెలుస్తుంది అబ్బీ, గుంతలో దించి చూడు" అన్నాడు. ట్యాంకు నింపి, ట్రాలీ వెనక చక్రం ఒకటి రాతి మీదకి ఎక్కించినాం. ట్రాలీ మెలిక పడగానే ఎల్బో పగులు వేలి గోరంత తెరుచుకుని సర్రున కారింది. చక్రం దించితే ఆగిపోయింది. వీడియోలో ఇది తప్పకుండా చూడండి, మాటల్లో చెప్తే నమ్మరు.

కారణం ఎల్బో నాణ్యత కాదు. ట్యాంకు కట్టిన నైలాన్ తాడు సాగిపోయి గుంతల్లో ట్యాంకు కదులుతోంది. పైపునేమో నేను క్లాంపులు వేసి ట్రాలీకి గట్టిగా బిగించి పెట్టినా. ఒకటి కదిలి ఇంకోటి కదలకపోతే మధ్యలో ఉన్నదే కదా విరిగేది. కొత్త ఎల్బో వేసినా నెలకే పోయేది. ఎం-సీల్ పూసి ఊరుకునే వాళ్లకూ ఇదే మాట, కదిలే చోట అది నిలవదు.

అందుకే ముందు ట్యాంకు చుట్టూ అడుగున చెక్క దిమ్మెలు కొట్టించి, తాడు బదులు బెల్టు వేసినాం. ఎల్బో తీసేసి అడుగు పొడుగు సక్షన్ హోసు పెట్టి రెండు వైపులా క్లిప్పులు బిగించినాం. మామూలు మెత్తటి పైపు వేయకండి, మోటారు లాగినప్పుడు అది అణిగిపోతుంది. ట్యాంక్ నిపుల్ వాషరు ఎండకు బిరుసెక్కి ఉంటే అదీ మార్చండి, రబ్బరు ట్యాంకు లోపలి వైపు ఉండాలి. టెఫ్లాన్ టేపు మర బిగిసే దిక్కుకే చుట్టాలి. పీవీసీ మరలను రెంచీతో బలంగా తిప్పితే అక్కడే సన్నగా చీలుతుంది. గమ్ము పెట్టేటప్పుడు పైపు తడి లేకుండా తుడిచి, ఒకరోజు ఆగిన తర్వాతే ప్రెషర్ పెట్టండి. ఇప్పుడు ప్రతి లోడుకు ముందు చక్రాన్ని రాతి మీద ఎక్కించి ఒకసారి చూస్తున్నాం, ఐదు నిమిషాల పని.

చెయ్యేటి ఒడ్డు రైతుకు వెలితి పడిన రెండు ట్రిప్పులకూ కలిపి ఒక డ్రమ్ము పోసి వచ్చినాం. ఆయన కర్ర పెట్టి కొలిచి చూసుకున్నాడు, నేను పక్కనే నిలబడినా. ట్రాక్టరు అన్నకు మాత్రం తప్పయిందని చెప్పడానికి నాకు ఇంకో వారం పట్టింది. "ముందు చీమలకు చెప్పుపో" అన్నాడు.