సెమిస్టర్ మొదలవక ముందే చూసుకోవాల్సినవి

జహీరాబాద్‌లో డిగ్రీ పాఠం చెప్పేవాళ్లకు క్లాసు ఒకటే గానీ వినేవాళ్లు నాలుగు రకాలు. ఇంట్లో తెలుగు మాట్లాడేవారు, ఉర్దూ మీడియంలో ఇంటర్ చేసినవారు, సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చే కన్నడ పిల్లలు, నైట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చేవారు. వాళ్లలో ఒకరిద్దరికి చూపో వినికిడో తక్కువ. సిలబస్ యూనివర్సిటీది. మన చేతిలో ఉన్నవి నోట్స్, బోర్డు, ఇంటర్నల్ పరీక్ష. తేడా కొట్టేదీ అక్కడే.

ముందు నోట్స్. డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించిన మెటీరియల్‌ని పీడీఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపులో పడేస్తాం. కంటికి శుభ్రంగా ఉంటుంది. చూపులేని విద్యార్థి ఫోన్లో తెరను చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టి వింటే మాత్రం పొంతనలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వినిపిస్తాయి. ఆ ఫాంటులో కనిపించేది తెలుగే అయినా ఫైల్లో దాగి ఉన్న కోడ్ తెలుగు కాదు మరి. కాబట్టి యూనికోడ్‌లోనే టైప్ చేయించండి. అప్పుడు కూడా పీడీఎఫ్‌లో ఒత్తులు చెదిరిపోవచ్చు, అందుకని వర్డ్ ఫైలు కూడా ఇవ్వండి. పంపే ముందు ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేసి చూడండి. గజిబిజిగా వస్తే ఆ ఫైలు వినేవాళ్లకు పనికిరాదు. ఫొటో తీసిన పేజీలను నమ్ముకోవద్దు.

యూనిట్‌కు పది నిమిషాల ఆడియో రికార్డు చేసి పెడితే షిఫ్టు పిల్లలకూ అక్కరకొస్తుంది. రికార్డింగ్‌కు నిపుణులే కానక్కర్లేదు: 2008లో మన పక్కనే మాచనూర్‌లో మొదలైన సంఘం రేడియోను నడిపింది పల్లె ఆడవాళ్లే. మనకు ఫోన్ చాలు.

భాష దగ్గర జాగ్రత్త, పరీక్షలో కొలవాల్సింది పుస్తకం భాషను కాదు, సబ్జెక్టును. డిమాండ్ వ్యాకోచత్వం అడుగుతున్నారనుకోండి. నిర్వచనం అప్పజెప్పమంటే జ్ఞాపకశక్తికి మార్కులు పడతాయి. అల్లం ధర రెట్టింపైతే టిఫిన్ సెంటర్‌వాడు ఎంత తగ్గించి కొంటాడో అడిగితే ఎకనామిక్స్‌కు పడతాయి. జాలిపడి వేసే మార్కులు మాత్రం వద్దు, పీజీ ఎంట్రన్స్‌లో ఆ పిల్లలే దెబ్బతింటారు.

ఎక్కువ గొడవలు పరీక్ష రోజునే. 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక, 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం స్క్రైబ్ తీసుకునేవారికి గంటకు కనీసం 20 నిమిషాలు అదనం. స్క్రైబ్ వద్దన్నా, కనీసం 40 శాతం వైకల్యం ఉంటే మూడు గంటల పరీక్షకు కనీసం గంట అదనంగా ఇవ్వొచ్చు. రూలు తెలిసినా పని జరగదు, ఎందుకంటే గంట ఇంటర్నల్ పరీక్ష అయ్యేసరికి తర్వాతి క్లాసువాళ్లు గుమ్మంలో నిలబడి ఉంటారు. వేరే గది, ఇన్విజిలేటర్ ముందే రాతపూర్వకంగా ఖరారు కావాలి. ఎవరికి ఏం కావాలో క్లాసులో అందరి ముందూ అడగకండి. అడ్మిషన్ ఫారాలు చూసి విడిగా పిలిచి మాట్లాడండి.

న్యాక్ పనులు, రిజల్ట్ పర్సంటేజీ మీ నెత్తిన ఎలాగూ ఉన్నాయి. అన్నీ ఒకేసారి కావు, ఈసారి ఒక్క పేపరు సరిచేయండి. గది సంగతి మాత్రం టైమ్‌టేబుల్ వేసే రోజే హెచ్‌ఓడీతో తేల్చుకోండి. నోటీసు బోర్డెక్కాక ఎవరూ మార్చరు.